హెచ్.జి.వెల్స్

హెర్బర్ట్ జార్జ్ వెల్స్ (సెప్టెంబర్ 21, 1866 - ఆగష్టు 13, 1946) సుప్రసిద్ధ ఆంగ్ల రచయిత. వైజ్ఞానిక నవలల ద్వారా కీర్తి గడించిన ఈయన, చరిత్రను దేశాల వారీగా గాక యావత్ మానవజాతి కథగా బోధించాలని వాదించాడు.

బాల్యం, విద్యాభ్యాసం

వెల్స్ ఇంగ్లాండులోని బ్రామ్లీలో ఒక చిరువర్తకుని ఇంట జన్మించాడు. పేదరికం వలన చిన్ననాడే బట్టల దుకాణంలో పనికి కుదిరాడు. 1884లో విద్యార్థి వేతనంతో లండన్ చేరి, థామస్ హక్స్‌లీ వద్ద జీవశాస్త్రం అభ్యసించాడు. కొంతకాలం ఉపాధ్యాయునిగా పనిచేశాడు. 1895లో వెలువడిన 'ది టైమ్ మెషీన్' నవల ఈయనకు పేరు తెచ్చింది.

ప్రపంచ చరిత్ర రచన

మొదటి ప్రపంచ యుద్ధం వెల్స్‌ను తీవ్రంగా కలవరపరచింది. ప్రతి దేశమూ తన పిల్లలకు తన ఘనతనే బోధించడం జాతివైరాలను పెంచుతున్నదని ఈయన భావించాడు. భూమి పుట్టుక మొదలు ఆ యుద్ధం వరకు గల కథను 'ది అవుట్‌లైన్ ఆఫ్ హిస్టరీ' పేరుతో రచించగా, అది 1919-20లో పక్షానికొక భాగంగా వెలువడింది. చైనాలో పుట్టిన కాగితం అరబ్బుల ద్వారా ఐరోపా చేరి, అచ్చు పుస్తకాలకు, విద్యావ్యాప్తికి తోడ్పడిన తీరును ఇందులో వివరించాడు. అశోకునికి విశిష్ట స్థానమిచ్చాడు. కొందరు పండితులు ఆక్షేపించినా, పాఠకులు ఈ గ్రంథాన్ని విశేషంగా ఆదరించారు.

ప్రభావం, చివరి దశ

1930-33 మధ్య జవహర్‌లాల్ నెహ్రూ చెరసాల నుండి కుమార్తె ఇందిరకు లేఖలుగా ప్రపంచ చరిత్ర వ్రాసినపుడు ఈ గ్రంథం ఆయనకు ఉపకరించింది. అయితే రెండవ ప్రపంచ యుద్ధం వెల్స్ ఆశలను వమ్ము చేసింది. 1945లో వెలువడిన ఈయన చివరి రచనలో నిరాశ స్పష్టంగా కనిపిస్తుంది. మరుసటి సంవత్సరం లండన్‌లో మరణించాడు.