కోయంబత్తూరు నాయుడు గారు, మా కళ్ళంలో కారు

ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి రాయమని సంపాదకులు కోరినప్పుడు నాకు వెంటనే తట్టిన పేరు జి.డి. నాయుడు గారిది. నాయకుల గురించి, కవుల గురించి రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను బస్సుల గ్యారేజీలో గ్రీజు చేతులతో ముప్ఫై నాలుగేళ్ళు గడిపి 2004లో రిటైరైన మెకానిక్‌ను. తెనాలి, బాపట్ల, రేపల్లె, ఈ మూడు ఊళ్ళ మధ్యనే నా సర్వీసంతా నడిచింది. నిరుడు వేసవిలో మా మనవడితో కలిసి ఒక కారుకు రేడియేటరు, ఫ్యాను బిగించవలసి వచ్చింది. ఆ పని సాగినన్నాళ్ళూ నాయుడు గారే గుర్తుకు వచ్చారు. అందుకని ఆయన జీవితమూ, మా రేడియేటరు గొడవా రెండూ కలిపే రాస్తున్నాను. మన్నించాలి.

ఆయన పేరు నేను మొదట విన్నది 1970లో, తెనాలిలో ఉద్యోగానికి చేరిన కొత్తల్లో. మా ఫోర్‌మన్ గారు కుర్రతనంలో కోయంబత్తూరు వెళ్ళి పని నేర్చుకుని వచ్చినవారు. ఎవరు బోల్టు సరిగా బిగించకపోయినా, నాయుడు గారి షెడ్డులో అయితే ఈ పాటికి ఇంటికి పంపేవారని దెప్పేవారు. అప్పటికి నాయుడు గారు జీవించే ఉన్నారు. మన డెల్టా రైతుల్లో ఆయన పేరు తెలిసినవారు తక్కువే గాని, కోయంబత్తూరు మోటారు అంటే తెలియనివారు లేరు. ఆ ఊరికి ఆ పేరు రావటానికి మూలపురుషుల్లో ఆయన ఒకరు.

పూర్తి పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. తమిళదేశంలో స్థిరపడిన తెలుగు వ్యవసాయ కుటుంబం వారిది. పసితనంలోనే తల్లి పోయింది. బడి ఆయనకు పడలేదు. ప్రాథమిక తరగతులు దాటకుండానే చదువు ముగిసింది. అటువంటి పిల్లవాడు మన ఇళ్ళలో ఉంటే తల పట్టుకు కూర్చుంటాం.

ఒకనాడు ఆ పల్లె దారిన ఒక దొర మోటారు సైకిల్ మీద వచ్చాడు. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా బండి ఎలా కదులుతున్నదో ఆ కుర్రవాడికి అర్థం కాలేదు, నిద్ర పట్టలేదు. అటువంటిది ఒకటి కొనాలని ఊరు విడిచి, కోయంబత్తూరులో ఒక హోటల్లో సర్వరుగా చేరి, కొన్నేళ్ళపాటు జీతం మిగిల్చి, మూడు నాలుగు వందల రూపాయలు పోగుచేసి మోటారు సైకిల్ కొన్నాడని చెబుతారు. కొన్నవాడు ఎక్కి తిరుగుతాడనుకుంటాం. ఆయన దాన్ని మొత్తం విప్పి నేల మీద పరిచి, మళ్ళీ బిగించారు. ఆయన చదివిన ఇంజనీరింగు అదే. మన గ్యారేజీలో హెల్పరుగా చేరిన ప్రతివాడికీ ఆ పని ఎంత భయమో తెలుసు. విప్పటం సులువు, బిగించాక రెండు నట్లు మిగలకుండా ఉండటం కష్టం.

తర్వాత పత్తి వ్యాపారంలో డబ్బు సంపాదించారు, బొంబాయి బజారులో పోగొట్టుకున్నారు. అప్పుడు స్టేన్స్ అనే ఆంగ్లేయ వ్యాపారి ఆదుకోగా ఒక బస్సు కొని, 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి తానే డ్రైవరుగా నడిపారు. ఆ ఒక్క బస్సే యునైటెడ్ మోటార్ సర్వీస్‌గా, యు.ఎం.ఎస్.గా పెరిగింది. 1930ల నాటికి ఆ సంస్థ బండ్లు రెండు వందలు దాటాయి.

ఆ రోజుల్లో బస్సు నడపటం అంటే సగం పని నీళ్ళు పోయటమే. చాలా బండ్లకు నీటి పంపు కూడా ఉండేది కాదు. ఇంజనులో వేడెక్కిన నీరు తేలికై పైకి పోయి రేడియేటరులో చల్లబడి కిందికి దిగాలి, అంతే. ఎండాకాలం, పూర్తి లోడు, ఎత్తు రోడ్డు కలిస్తే మూతలోంచి ఆవిరి చిమ్మేది. మా కాలానికి పంపు వచ్చింది, బెల్టుతో తిరిగే ఫ్యాను వచ్చింది, అయినా నిజాంపట్నం వైపు వెళ్ళే డ్రైవరు పక్కన నీళ్ళ డబ్బా తప్పేది కాదు. మన సముద్రతీరపు బోరు నీళ్ళ సంగతి మీకు తెలిసిందే. కాలువ నీళ్ళకు బదులు ఆ ఉప్పునీళ్ళు పోసిన బండి ఆరు నెలల్లో షెడ్డుకు వచ్చేది. టంకం కరిగించి ఇత్తడి ట్యాంకు ఊడదీస్తే, గొట్టాల నిండా సున్నం పేరుకుని కనిపించేది. సన్నటి రేకు ముక్కలతో ఒక్కొక్క గొట్టం పొడుచుకుంటూ బాపట్లలో నేను గడిపిన పగళ్ళు ఎన్నో.

నాయుడు గారు బస్సులతో ఆగలేదు. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి దేశంలోనే తొలి స్వదేశీ విద్యుత్ మోటారును తయారు చేశారు. మన పొలాల్లో తిరిగే మోటార్ల వంశవృక్షానికి వేరు అదే. బ్యాటరీతో నడిచే రాసంట్ అనే క్షవర యంత్రం, 1941లో 70 రూపాయలకు అయిదు వాల్వుల రేడియో, పండ్ల రసం తీసే యంత్రం, కరెంటు లేని ఊళ్ళ కోసం కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, ఇలా జాబితా పెద్దది. పత్తి, బొప్పాయి మొక్కల మీద కూడా ప్రయోగాలు చేశారు. సర్ సి.వి. రామన్ వంటి శాస్త్రవేత్త ఆయనను మెచ్చుకున్నారు. ఇండియన్ ఎడిసన్ అని లోకం పిలిచింది. నాకా బిరుదు అంత నచ్చదు. మనవాణ్ణి పొగడటానికి ఇంకొకరి పేరు అరువు తెచ్చుకోవటం ఎందుకు?

బడి మానేసిన ఆ మనిషే 1945లో కోయంబత్తూరులో సాంకేతిక కళాశాల పెట్టించటానికి విరాళమిచ్చి, దానికి ప్రిన్సిపాలుగా కూర్చున్నారు. ఆనాటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు పెట్టిన ఆ సంస్థే తర్వాత ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయింది. నాలుగేళ్ళ కోర్సు కాలం వృథా అని, చేతిపని నేర్పితే రెండేళ్ళు చాలునని ఆయన పట్టుబట్టారు. అధికారులు ఒప్పుకోలేదు. ఆయన పదవి వదులుకున్నారు. నాలుగేళ్ళు చదివివచ్చిన ఇంజనీర్ల కింద పనిచేసిన మనకు ఈ విషయంలో ఎవరి పక్షమో వేరే చెప్పనవసరం లేదు గాని, రెండేళ్ళలో లెక్కలన్నీ వస్తాయా అన్న అనుమానం నాకు ఇప్పటికీ ఉంది.

ఇక అసలు సంగతి. 1952లో నాయుడు గారు ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారు తయారు చేశారు. ధర 2,000 రూపాయలు. సామాన్యుడు కొనగల కారు. కాని పరిశ్రమలకు లైసెన్సు తప్పనిసరి అయిన రోజులవి. ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు, తయారీ ఆగిపోయింది. మారుతి 800 రోడ్డెక్కింది 1983 డిసెంబరులో. లెక్క వేయండి, ముప్ఫై ఒక్క ఏళ్ళు. ఆ లోగా మన తరం వాళ్ళం సైకిలు, స్కూటరు మీదే పిల్లల్ని పెంచాం.

ఇంగ్లండులో సరిగ్గా ఆ 1950ల్లోనే కాలిన్ చాప్‌మన్ అనే ఇంజనీరు లోటస్ సెవెన్ అనే కారును విడిభాగాల పెట్టెగా అమ్మాడు. తయారైన కారు కొంటే పన్ను, భాగాలు కొని ఇంట్లో బిగించుకుంటే ఆ పన్ను లేదు. కిట్ కారు అనే మాట ఇలాంటి వాటివల్లే వ్యాపించింది. అక్కడ చట్టంలో సందు దొరికింది. నాయుడు గారికి ఇక్కడ దొరకలేదు.

ఈ మాటలన్నీ చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన మా మనవడు బాపట్లలో ఇంజనీరింగ్ చదువుతూ, తానూ ఒక కారు కడతానని కూర్చున్నాడు. తెనాలిలో పాత సామాన్ల దుకాణంలో మారుతి 800 ఇంజను, గేరుబాక్సు కొన్నాడు. రేపల్లె దగ్గర మా ఊళ్ళో కళ్ళం పక్క పాకలో ఇనుప గొట్టాలతో చట్రం వెల్డు చేశాం. ఇద్దరికే చోటు. ఇంజను వెనక, రేడియేటరు కూడా ఇంజను పక్కనే పెట్టాడు. అక్కడికి గాలి ఎలా వస్తుందిరా అంటే, ఫ్యాను ఉందిగా తాతయ్యా అన్నాడు. పది నిమిషాలు తిప్పేసరికి ముల్లు ఎర్రగీత తాకింది.

రేడియేటరును ముక్కు దగ్గరికి మార్చాం, కింద రబ్బరు దిమ్మలు వేసి. ఇనుముకు ఇనుము తగిలితే అదురుకు గొట్టాలు చిట్లుతాయి. ఇంజను వెనకా, రేడియేటరు ముందూ కనుక పొడవాటి గొట్టాలు వేయవలసి వచ్చింది. వాటిలో గాలి చిక్కుకుని నీరు తిరగలేదు. మొదట పోసిన నీళ్ళలో సగమే లోపలికి వెళ్ళాయి. నీళ్ళు పోసే ట్యాంకును అన్నిటికంటే ఎత్తున పెట్టి, కారు ముక్కును జాకీతో లేపి, ఇంజను నడుపుతూ బుడగలు ఆగేవరకు పోశాక గాని సర్దుకోలేదు. ఉప్పునీరు ముట్టుకోనివ్వలేదు. శుద్ధి చేసిన నీటిలో కూలెంటు కలిపి పోశాం. వేడికి విరుగుడని థర్మోస్టాటు పీకేద్దామన్నాడు మావాడు. మన షెడ్లలోనూ ఆ అలవాటు ఉండేది. అది సుమారు 82 డిగ్రీలకు తెరుచుకోవటమే ఇంజనుకు మేలు, చల్లగా నడిచే ఇంజను త్వరగా అరుగుతుంది. దాన్ని ఉంచేశాం. మూత మాత్రం కొత్తది కొన్నాం. మూత ఒత్తిడి పట్టి ఉంచితేనే నీరు 115 డిగ్రీలు దాటినా మరగదు.

ఇన్ని చేసినా కారు పొలం గట్టు చివరి వరకు వెళ్ళి వచ్చేసరికి మళ్ళీ వేడెక్కింది. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాం. మూడోనాడు ఫ్యాను తిరుగుతుండగా రేడియేటరు ముందు వార్తాపత్రిక కాగితం పెట్టాను. అంటుకోవలసిన కాగితం ఎగిరి నా ముఖాన పడింది. ఫ్యాను గాలిని లాగటం లేదు, ముందుకు తోస్తోంది! తీగలు రెండూ తారుమారు. వాటిని కలిపింది మావాడు కాదు, ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసున్న నేనే. బెల్టు ఫ్యాన్లతో బతికినవాడికి తీగ మారిస్తే ఫ్యాను ఎదురు తిరుగుతుందన్న ధ్యాస రాలేదు. తీగలు మార్చి, ఫ్యాను చుట్టూ రేకుతో డొప్ప కట్టాం. అది లేకపోతే ఫ్యాను తన గుండ్రమంత మేరే లాగుతుంది, మూలలు ఊరికే ఉండిపోతాయి. ఆ సాయంత్రం ముల్లు మధ్యలో నిలబడిపోయింది.

నాయుడు గారు 1974 జనవరి 4న కన్నుమూశారు. తెనాలి షెడ్డులో ఆ కబురు చెప్పి, ఆ రోజు మా ఫోర్‌మన్ గారు ఎవరినీ కేకలేయలేదు. కోయంబత్తూరులో ఆయన పేరిట పారిశ్రామిక ప్రదర్శనశాల ఉంది. 2015లో పాత కార్ల ప్రదర్శనశాల కూడా తెరిచారు. ఆయన మీద తీసిన డాక్యుమెంటరీకి జాతీయ అవార్డు వచ్చింది. పళని వెళ్ళే మిత్రులు ఒక పూట మిగుల్చుకుని ఆ ప్రదర్శనశాలలు చూసి రావచ్చు.

మా కారును రోడ్డు మీదికి తీసుకుపోలేం. రిజిస్ట్రేషన్ లేనిదే రోడ్డెక్కించకూడదని చట్టం. ఇంట్లో కట్టిన బండికి అది దొరకటం మాటలు కాదు. మావాడు దరఖాస్తు కాగితాలు తిరగేస్తూనే ఉన్నాడు. నేను వద్దని చెప్పలేదు. సంక్రాంతికి కళ్ళంలో నాలుగు చుట్లు తిప్పాం. తన సీటు ఏదని మా ఇంటావిడ అడిగింది. ఇద్దరికే చోటు కనుక నేను దిగి ఆమెను ఎక్కించాను.