దుర్గాబాయమ్మ - చదువును, చూపును

కన్ను కానరానివానికి లోకమెల్ల చీకటి. అక్షరము రానివానికి పట్టపగలే చీకటి. ఈ రెండు చీకట్లును వేఱువేఱని మనము తలచుచుందుము. కాని మన దేశమున చూపు గోల్పోయినవారిలో ననేకులకు వ్యాధి యెంత కీడు చేసినదో, ఆ వ్యాధికి ఉపాయము కలదని తెలియకపోవుటయు నంత కీడు చేసినది. ఈ రెండు చీకట్లతోడను పోరాడిన ఆంధ్రులలో శ్రీమతి దుర్గాబాయి దేశముఖ్ అగ్రగణ్యురాలు. హైదరాబాదున విద్యానగరు మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు బోవువారు ఆమె పేరు దాల్చిన ఆస్పత్రిని నిత్యమును చూచుచునే యుందురు. ఆ పేరు వెనుక నున్న జీవితమును పాఠకులకు జ్ఞప్తికి దెచ్చుట మా యుద్దేశము.

ఆమె 1909 జూలై 15న రాజమహేంద్రవరమున రామారావు, కృష్ణవేణమ్మ దంపతులకు జన్మించెను. ఎనిమిదేండ్ల వయస్సున వివాహమైనది. యుక్తవయస్సు రాగానే ఆ బంధము తనకు సమ్మతము గాదని స్పష్టముగా దెలిపి, భర్త మఱియొకరిని వివాహమాడుటకు అడ్డుపడక, తాను దేశసేవకు మరలెను. అంతకు బూర్వమే, 12వ యేట, ఆంగ్లమున బోధించు చదువును నిరసించి బడి విడిచి, హిందీ నేర్చి, స్వస్థలమున బాలికలకు హిందీ పాఠశాల నెలకొల్పెను. తాను నేర్చిన దానిని వెంటనే పదిమందికి పంచవలెననునది ఆమె స్వభావము. తరువాతి కార్యములన్నియు దానినుండి మొలకెత్తినవే.

1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభనాడు ఖద్దరు ప్రదర్శనశాల ద్వారముకడ ఈ పదునాలుగేండ్ల బాలిక స్వచ్ఛందసేవికగా నిలిచెను. టిక్కెట్టు లేనివారిని లోనికి బోనీయరాదని నియమము. జవాహర్‌లాల్ నెహ్రూ టిక్కెట్టు లేకయే రాగా ఆమె ఆయనను నిలిపివేసెను. పెద్దలు మందలించినను వెనుదీయలేదు. తన కిచ్చిన ఆజ్ఞనే తాను పాటించుచున్నానని సమాధానము చెప్పెను. టిక్కెట్టు తెప్పించిన పిదపనే నెహ్రూకు ప్రవేశము లభించినది. ఆయన ఆ బాలిక ధైర్యమును మెచ్చుకొనెను. పెద్దకును పేదకును ఒకే నియమమను ఈ నిష్కాపట్యమును ఆమె పదవులు వచ్చిన తరువాతను విడిచిపెట్టలేదు.

ఉప్పు సత్యాగ్రహమున చెన్నపట్టణమందు పాల్గొని, 1930-33 సంవత్సరముల నడుమ మూడుమారులు కారాగారమున కేగెను. మధుర చెఱసాలలో ఒంటరిగా నిర్బంధింపబడి ఆరోగ్యము చెడగొట్టుకొనెను. వెల్లూరులో తోడిఖైదీలైన స్త్రీల కథలు ఆమె మనస్సును కలచివైచెను. చదువు లేక, చట్టమెఱుగక, చేయని నేరముల నెత్తిన వేసికొని శిక్ష ననుభవించుచున్నవారు వారిలో నుండిరి. తెలియనివానిని మోసగించుట యెంత సులభమో ఆమె అక్కడ కన్నులార చూచెను. విడుదల కాగానే తన చదువును తిరిగి చేపట్టి, కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు బ్రైవేటుగా గూర్చుండి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున రాజనీతిశాస్త్రమున పట్టము పొంది, 1942 నాటికి న్యాయశాస్త్రమును ముగించెను.

ఈ నడుమనే, 1937లో, చెన్నపట్టణమున ఆంధ్ర మహిళాసభ వెలసినది. బడి మానిన స్త్రీలను పరీక్షలకు సిద్ధపఱచుటతో మొదలైన ఆ సభ క్రమముగా వసతిగృహమును, వైద్యశాలను, నర్సుల శిక్షణాలయమును, చేతిపనుల కేంద్రమును అయినది. రాజ్యాంగపరిషత్తు అధ్యక్షపట్టికలో స్థానము పొందిన ఏకైక మహిళ ఆమెయే. 1953లో కేంద్ర సంఘసంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలై, వయోజన స్త్రీలు స్వల్పకాలములో చదువు ముగించునట్లు సంక్షిప్త పాఠ్యక్రమములను ఏర్పఱచెను. గ్రామమునకు నర్సు, మంత్రసాని, ఉపాధ్యాయిని కావలెనన్నచో మొదట చదివిన స్త్రీ కావలెనుగదా!

అంధులవిషయమున ఆమె చేసిన సేవ మనవారికి అంతగా తెలియదు. ఢిల్లీలోని అంధసహాయ సంఘమునకు అధ్యక్షురాలుగా నుండి, అంధబాలురకు వసతితో గూడిన పాఠశాలను, యంత్రభాగములు చేయు చిన్న కర్మాగారమును నెలకొల్పెను. అంధునిచేత భిక్షాపాత్ర పెట్టుట దయ గాదు, పనిముట్టు పెట్టుట దయ అని ఆ కార్యము లోకమునకు చాటినది. అంధులకు బోధించు ఉపాధ్యాయులను తయారుచేయు కళాశాల యొకటి నేటికిని ఆ నగరమున ఆమె పేరిట నడచుచున్నది.

తుదకు ఆమె భర్త చింతామణి దేశముఖ్‌తో గూడ హైదరాబాదున స్థిరపడెను. ఉస్మానియా ప్రాంగణమున మహిళాసభవారి కళాశాలయు, వయోజనవిద్యకై సాక్షరతా భవనమును, విద్యానగరున ఆస్పత్రియు లేచినవి. అచ్చటికి సమీపముననే, తార్నాకయందు, జాతీయ పోషకాహార సంస్థ యున్నది. 1918లో కూనూరున పుట్టిన ఆ పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. పేదయిండ్ల పసిబిడ్డలకు మొదట రేచీకటి, పిదప తెల్లగ్రుడ్డుపై నురుగువంటి మచ్చ, తుదకు నల్లగ్రుడ్డు మెత్తబడి శాశ్వతాంధత్వము కలుగుట ఏ-విటమిను లోపమువలన ననియు, ఆఱుమాసముల కొకసారి పెద్దమోతాదు ఇచ్చినచో దానిని నివారింపవచ్చుననియు అచ్చటి శాస్త్రజ్ఞులు నిరూపించిరి. దానిని బట్టి 1970లో ప్రభుత్వము దేశమంతట ఆ మందును పంచసాగెను. నాటితో పోల్చిన ఈ అంధత్వము నేడు చాలవఱకు తగ్గినది.

ఒకచోట శాస్త్రము, మఱియొకచోట అక్షరము: రెండును ఇరుగుపొరుగున నుండుట యాదృచ్ఛికమే గావచ్చును, కాని అందొక పాఠమున్నది. మునగాకు, తోటకూర, పండిన బొప్పాయి బిడ్డ కన్నులను గాపాడునని పరిశోధనశాల కనుగొన్నను, తట్టు వచ్చిన బిడ్డకు పథ్యము పేరిట తిండి తగ్గించు తల్లికి ఆ మాట చేరనిచో ఫలమేమి? చేర్చువారెవ్వరు? చదివిన స్త్రీయే, ఆమె చదివిన తన భాషయే.

దుర్గాబాయమ్మ 1981 మే 9న పరమపదించెను. ఆమె చూపిన పని మాత్రము ముగియలేదు. నేడు మనదేశమున అంధత్వమునకు ప్రధానకారణము శుక్లము. అది శస్త్రచికిత్సతో తొలగును, ఏ చుక్కలమందుతోను కరగదు. అయినను కరగింతునని చెప్పి సొమ్ము గుంజువారున్నారు. నీటికాసులవలన పోయిన చూపు తిరిగిరాదు. ముందుగా కనిపెట్టినచో మిగిలినది నిలుచును. మధుమేహము గలవారు ఏటేట కంటిలోపలి పొరను పరీక్ష చేయించుకొనవలెను. అద్దములు లేక పాఠములో వెనుకబడిన బాలుని మందబుద్ధి యనుట అన్యాయము. ఈ సంగతులు వైద్యులకే గాక, ఆప్టోమెట్రిస్టులగు దృష్టిపరీక్షకులకును, వారివద్ద నేర్చు విద్యార్థులకును, గ్రామస్థులకును తేటతెలుగున, అతిశయోక్తి లేకుండ తెలియవలెను. నయమగుదానిని నయమగుననియు, కానిదానిని కాదనియు చెప్పుటయే నిజమైన నేత్రవిద్య.

పాఠకులలో గ్రామమునందు మాట చెల్లువారును, పట్టణమున పాఠశాలలు నడపువారును కలరు. ఈ సంవత్సరము మీ యూరి బడిపిల్లల కన్నులను పరీక్ష చేయింపుడు. శుక్లము వచ్చిన వృద్ధుల నొకసారి ఆస్పత్రికి బంపుడు. ఆ మహనీయురాలికి విగ్రహమెత్తుటకంటె ఇది చౌక. ఆమెకు ప్రియమైనదియు నిదియే యగునని మేము నమ్ముచున్నాము.