జిహ్వాజయము – గాంధీమహాత్ముని సాధన

ఇంద్రియములలో జిహ్వను జయించుట మిక్కిలి కష్టమని పెద్దలందురు. సంసారమధ్యమున నుండియే ఆ సాధనను జీవితాంతము సాగించినవాడు గాంధీమహాత్ముడు.

దక్షిణాఫ్రికాలో కస్తూరిబా జబ్బుపడినపుడు ఉప్పును, పప్పును మానుమని ఆయన కోరెను. అది ఆయనకు మాత్రము సాధ్యమా యని ఆమె అడుగగా, తత్‌క్షణమే తానొక సంవత్సరము ఆ రెండింటిని విడిచెను. తాను అతిథిగా వెళ్ళిన యిండ్లలో తనకొరకు వంటకములు పెరుగుట ఆయనకు బాధ కలిగించెను. 1915లో హరిద్వార కుంభమేళాకు పోయినపుడు, దినమునకు అయిదు పదార్థములకు మించి తిననని, చీకటి పడిన పిదప భుజింపనని వ్రతము పూనెను. ఆశ్రమ నియమములలో అస్వాదవ్రతమును చేర్చెను. అన్నము శరీరధారణకే గాని రుచికొరకు కాదని దాని భావము.

అట్టివాడును 1918లో ఒకమారు జారెను. జిగట విరేచనములతో బాధపడుచు ఆ పూట భోజనము మానదలచెను. కాని అది పండుగదినము. కస్తూరిబా తీపి గోధుమజావ, పెసలు వండియుండెను. ఆమె తృప్తికై కొంచెము తినవలెనని కూర్చుండి కడుపునిండ తినెను. గంట గడువకమునుపే వ్యాధి ముదిరి ప్రాణముమీదికి వచ్చెను. ఆ పొరపాటును ఆయన ఆత్మకథలో దాచక చెప్పెను.

కొంచెమే యను మాటతోనే మనమందరమును విస్తరిముందు ఓడిపోవుదుము. కావున ఆకలి రుచులు మనసును లాగకమునుపే, వడ్డనకు ముందుగనే మితిని నిర్ణయించుకొనవలెను. ఒకనాడు తప్పినను మరునాడు మరల పూనవలెను. భగవన్నివేదితమైన అన్నమును మితముగా స్వీకరించుటయే ప్రసాదమునకు మనము చేయు గౌరవము.