హంస వెళ్ళిపోయిన తరువాత

వాగ్నర్ రచించిన ‘లోహెన్‌గ్రిన్’ సంగీత నాటకములో వీరుడు హంస లాగెడి పడవ నెక్కి వెళ్ళిపోవలెను. ఒకనాటి ప్రదర్శనలో గాయకుడు ఎక్కకముందే పడవ తెరవెనుకకు సాగిపోయినది. నడిరంగమున నిలిచిపోయిన ఆ భారీ మనిషి, తరువాతి హంస ఎన్ని గంటలకని అడిగినాడట! అతడే లియో స్లెజాక్. ఈ కథలో నిజమెంతయైనను, మనిషి మాత్రము అట్టివాడే.

1873 ఆగస్టు 18న, నాటి ఆస్ట్రియా సామ్రాజ్యములోని మొరేవియా సీమలో, పిండిమర నడుపు ఒకని ఇంట స్లెజాక్ జన్మించినాడు. యౌవనమున యంత్రములు బిగించు పని నేర్చినాడు. బ్రనో నగరములో అడాల్ఫ్ రాబిన్సన్ అను గాయకుని వద్ద శిక్షణ పొంది, 1896లో అచటనే లోహెన్‌గ్రిన్ పాత్రతో రంగప్రవేశము చేసినాడు. 1901లో వియన్నా రాజాస్థాన నాటకశాలలో చేరినాడు. దానికి నాడు అధిపతి గుస్తావ్ మాలర్. శ్రుతిలో వెంట్రుకవాసి దోషమునైనను సహింపనివాడు. 1909లో న్యూయార్కులో టోస్కానీనీ నిర్వహణమున వెర్డి ‘ఒథెల్లో’ పాడినాడు. నాటకశాల దద్దరిల్లునట్లు పాడగల ఆ కంఠమే, చిన్న గీతములలో ఊపిరియంత మెత్తగా పలికెడిది.

అతని రచనలన్నియు హాస్యముతో నిండిన స్వీయగాథలు. 1922లో వెలువడిన తొలి పుస్తకమునకే ‘నా సమగ్ర రచనలు’ అని పేరు పెట్టినాడు, ఇక వ్రాయననుట! 1927లో మరల వ్రాసి, దానికి ‘మాట తప్పుట’ అని పేరిడినాడు. 1940 నాటి మూడవదాని పేరు ‘తిరుగబెట్టుట’. తన్ను తాను ఇంత హాయిగా ఎగతాళి చేసికొన్న మహాగాయకులు అరుదు.

కాని ఆ మూడవ పుస్తకము వెలువడునాటికి ఆస్ట్రియా హిట్లరు వశమై రెండేండ్లు గడచినవి. స్లెజాక్ భార్య ఎల్సా యూదు వంశమున పుట్టినది. వృద్ధ గాయకుడు జర్మను చలనచిత్రములలో హాస్యపాత్రలు ధరించుచు కాలము గడపినాడు. 1943 నాటి ‘మున్‌హౌజెన్’లో తురుష్క సుల్తాను అతడే. ఆ హాస్యము వెనుక ఇంటిలో ఎంత భయముండెనో ఊహింపవచ్చును. కుమారుడు వాల్టర్ అమెరికాలో నటుడు. 1944లో హిచ్‌కాక్ తీసిన ‘లైఫ్‌బోట్’లో నాజీ జలాంతర్గామి నాయకుని పాత్ర ధరించినాడు. తండ్రీకొడుకులు పోరాడుచున్న రెండు దేశములలో, రెండు తెరలపై కనిపించిరి.

ఆ యేడే ఎల్సా మరణించినది. 1946 జూన్ 1న, బవేరియాలోని రొట్టాక్-ఎగెర్న్ గ్రామమున స్లెజాక్ కన్నుమూసినాడు. దూరముననున్న కొడుకునకు అతడు వ్రాసిన లేఖలు 1966లో పుస్తకముగా వెలువడినవి. దాని పేరులో ఈ మారు పరిహాసము లేదు: బెంగపడిన ఒక తండ్రి లేఖలు.