Ghantasala: ఆఖరి రికార్డు.. చావింట్లో మాత్రమే వినాలా?

కరీంనగర్, ఆదిలాబాద్ ఊళ్లల్లో ఎవరైనా పోతే మైకులో ఘంటసాల భగవద్గీత వినిపిస్తది. మరి ఆయన కథ తెలుసా?

1922లో కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. విజయనగరంలో ఇల్లిల్లూ తిరిగి అన్నం అడుక్కుంటూ సంగీతం నేర్చుకున్నారు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్లారు. తర్వాత సినిమాల్లో తిరుగులేని గాయకుడయ్యారు. మన హనుమాజీపేట బిడ్డ సినారె 1962లో 'గులేబకావళి కథ'తో పాటల రచయితగా అడుగుపెడితే, అందులో ఎన్టీఆర్‌కు పాడింది ఈయనే.

చివరి రోజుల్లో ఆరోగ్యం బాగా లేకున్నా భగవద్గీత రికార్డు చేశారు. అది మార్కెట్లోకి రాకముందే, 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు.

గీత చెప్పింది బతికున్న అర్జునుడికి. మీ ఫేవరెట్ రికార్డుల్లో దీన్నీ చేర్చండి. ఈసారి ఇంట్లో తీరిగ్గా కూర్చొని వినండి.