మూలుగలో మన సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు వినని తెలుగువారు తక్కువ. ఏ.టి.పి., ఆరియోమైసిన్, బోదకాలు మందు... ఈ జాబితా మన సావనీర్లలో చాలాసార్లే చదివాం. నేను చెప్పదలచుకున్నది ఎముక మూలుగ సంగతి.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టి ఆంగ్ల ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కి బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆ రోజుల్లోనే స్ప్రూ అనే జబ్బు ఆయన సోదరులిద్దరిని పొట్టన పెట్టుకుంది. ఆ జబ్బులో పేగులు ఆహారసారాన్ని పీల్చుకోలేవు. ఫోలిక్ యాసిడ్ అందక మూలుగలో రక్తకణాలు సరిగా ఎదగవు. అప్పటికి ఈ సంగతి ఎవరికీ తెలియదు.

1923లో మామగారి సాయంతో బోస్టన్ వెళ్లారు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన మళ్లీ తిరిగి రాలేదు. హార్వర్డ్‌లో పదిహేనేళ్లకు పైగా పనిచేసి, 1940లో లెడర్లీ కంపెనీకి మారారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారు చేసింది. అన్నదమ్ములకి అందని మందు అది!

కథ అక్కడితో ఆగలేదు. ఫోలిక్ యాసిడ్ లుకేమియాని ఎగదోస్తుందని బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్‌కి అనుమానం వచ్చింది. అయితే దానికి విరుగుడు కావాలి కదా! లెడర్లీలో సుబ్బారావు గారి బృందం అమినాప్టెరిన్ చేసి ఇచ్చింది. 16 మంది పిల్లలకిస్తే 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గుముఖం పట్టింది. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్.

నా ఉద్యోగం కువైట్‌లోని సులైబియాలో. అక్కడి కూరగాయల మార్కెట్‌కి లారీ తోలే కడప జిల్లా ఆయన ఒకరు నాకు పరిచయం. ఊళ్లో వాళ్ల పెద్దబ్బాయికి ఎప్లాస్టిక్ ఎనీమియా వచ్చింది. అంటే మూలుగ రక్తం తయారు చేయడం మానేస్తుంది. తోబుట్టువు మూలుగ సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతే. అదృష్టవశాత్తు చిన్నవాడిది సరిపోయింది. మూలుగ ఇస్తే వాడేమైపోతాడోనని తండ్రి భయం. తీసిన మూలుగ కొన్ని వారాల్లో మళ్లీ ఊరుతుందని డాక్టర్లు చెప్పినా, నన్నూ నాలుగుసార్లు అడిగాడు. మార్పిడయ్యాక ఫోన్లో పంపిన మందుల చీటీ చదవమన్నాడు. అందులో మెథోట్రెక్సేట్ ఉంది! దాత కణాలు రోగి ఒంటిమీద తిరగబడకుండా, మార్పిడయిన తొలి రోజుల్లో కొద్ది మోతాదుల్లో ఇస్తారు. ఇది మన భీమవరం ఆయన చలవేనంటే ముందు నమ్మలేదు. ఫోటో చూపించమన్నాడు.

ఫార్బర్ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు నిద్రలో, గుండెపోటుతో పోయారు. వయసు 53. డాక్టర్ డొనాల్ థామస్ మనుషుల్లో మూలుగ మార్పిడి ప్రయత్నాల గురించి తొలిసారి ప్రకటించింది 1957లో.