వాక్యానికి విధేయుడైన క్లౌ దొర

1876 నుండి 1878 వరకు దక్షిణ భారతదేశాన్ని దహించిన మహాక్షామం ధాత నామ సంవత్సరంలో మొదలైంది. అందువల్ల తెలుగువారు దానిని ధాత కరువు అన్నారు. ఆ కరువు కోలారు సీమను విడువలేదు. 1871 జనాభా లెక్కలలో మైసూరు సంస్థానపు జనసంఖ్య యాభై లక్షలు దాటి ఉండగా, 1881 లెక్కల నాటికి అది నలభై రెండు లక్షల లోపుకు పడిపోయింది. తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లల కోసం కోలారు పట్టణంలో మిస్ ఆన్‌స్టీ అనే ఆంగ్ల మహిళ శరణాలయం నెలకొల్పారు. 1890లో ఆ సేవ అమెరికన్ మెథడిస్టు మిషను చేతికి వచ్చింది. నేటి ఇ.టి.సి.ఎం. ఆసుపత్రి ఆ మిషను సేవాపరంపరలోనిదే.

అదే కరువులో, ఇక్కడికి తూర్పున సముద్ర తీరాన ఉన్న ఒంగోలు ప్రాంతంలో మరొక వ్యక్తి వేలాది ప్రాణాలను నిలిపారు. ఆయన పేరు జాన్ ఎవరెట్ క్లౌ. తెలుగు బాప్టిస్టు సంఘాల చరిత్రలో ఆయన పేరు లేని అధ్యాయం ఉండదు. ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగిన సంగతి చాలామంది వినే ఉంటారు. అయితే ఆ రోజుకు ముందు జరిగిన సంగతులు అంతగా ప్రచారంలో లేవు. ఆయన జీవితపు అసలు విలువ వాటిలోనే ఉన్నది.

అవిశ్వాసి అయిన విద్యార్థి

క్లౌ 1836 జులై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఒక సామాన్య కుటుంబంలో జన్మించారు. ఆయన బాల్యంలోనే ఆ కుటుంబం పశ్చిమ ప్రాంతాలకు వలస వెళ్లింది. యువకుడిగా మినెసోటా ప్రాంతంలో ప్రభుత్వ భూసర్వే బృందాలతో కలిసి పనిచేశారు. గొలుసు పట్టి నేలను కొలవడం, మట్టిపనికి లెక్క కట్టడం, పనివారిని నడిపించడం ఆ రోజులలోనే ఆయనకు అలవడ్డాయి. ఆ విద్య ఇరవై ఏళ్ల తరువాత తెలుగు నేల మీద వేలమంది ఆకలి తీర్చడానికి పనికివస్తుందని అప్పట్లో ఎవరూ ఊహించి ఉండరు.

న్యాయవాది కావాలని, రాజకీయాలలో ఎదగాలని ఆయన కోరిక. ఐయోవా రాష్ట్రంలోని బర్లింగ్టన్ విద్యాలయంలో చేరేనాటికి ఆయనకు దేవుని మీద నమ్మకం లేదు. ఒకే గదిలో ఉండే తోటి విద్యార్థి మాత్రం భక్తిపరుడు. ప్రార్థన ఏదైనా ఉంటే నీ వైపు చేసుకో, నా వైపు వద్దని చెప్పి క్లౌ ఆ గది మధ్యలో సుద్దముక్కతో గీత గీశారని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. ఆ స్నేహితుడు వాదనకు దిగలేదు. గీతకు అవతలే ఉండి, రోజూ తన గ్రంథం తాను చదువుకుంటూ ప్రార్థించేవాడు. కొంతకాలానికి గీత దాటి అవతలికి వెళ్లి మోకరించినవారు క్లౌయే. 1858లో ఆయన క్రీస్తును విశ్వసించారు. 1862లో పట్టభద్రులైన తరువాత కొంతకాలం ఊరూరా తిరిగి క్రైస్తవ గ్రంథాలు పంచే పనిలో ఉన్నారు. న్యాయవాద వృత్తిని పూర్తిగా వదులుకున్నారు.

ఒంటరి నక్షత్రం

ఆ రోజులలో అమెరికన్ బాప్టిస్టులకు తెలుగునాట ఉన్నది నెల్లూరు కేంద్రం ఒక్కటే. 1840లో శామ్యూల్ డే అక్కడ పని ప్రారంభించారు. ఏళ్లు గడిచినా విశ్వాసుల సంఖ్య చేతివేళ్లపై లెక్కించేటంత మాత్రమే. ఈ కేంద్రాన్ని మూసివేద్దామన్న మాట మిషను పెద్దల సభలలో మళ్లీ మళ్లీ వచ్చింది. పటం మీద ఒక్క చుక్కగా కనిపించే ఆ కేంద్రానికి ఒంటరి నక్షత్రం అనే పేరు 1853 సభలో వచ్చింది. 1854 నూతన సంవత్సర దినాన తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు పక్కన ఉన్న కొండ ఎక్కి, ఆ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని దేవుని వేడుకున్నారు. వారు కోరిన మనిషి రావడానికి పన్నెండేళ్లు పట్టింది. ఆ కొండను నేటికీ ప్రార్థన కొండ అంటారు.

1864 చివర క్లౌ తన భార్య హారియెట్‌తోను, జ్యూయెట్‌తోను కలిసి ఓడ ఎక్కి, 1865 ఏప్రిల్‌లో మద్రాసు చేరారు. నెల్లూరులో తెలుగు నేర్చుకుని, 1866 సెప్టెంబరులో ఒంగోలులో స్థిరపడ్డారు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది.

పేరయ్య పిలుపు

క్లౌ ఒంగోలుకు రాకముందే ఒక తెలుగు మనిషి ఆయన కోసం నేల సిద్ధం చేశాడు. ఆ మనిషి ఒంగోలుకు పడమర దిక్కున దాదాపు నలభై మైళ్ల దూరంలోని తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులస్థుడు, తోళ్లపని ఆయన వృత్తి. సత్యాన్ని వెదుకుతూ గురువులను ఆశ్రయించి, యోగసాధన చేసిన జిజ్ఞాసువు. క్రీస్తును గూర్చి విన్న తరువాత ఇక వెదకవలసినది లేదని నిశ్చయించుకున్నాడు. 1866లో ఆయన, ఆయన భార్య నాగమ్మ జ్యూయెట్ చేత బాప్తిస్మం పొందారు. తరువాత తన బంధువుల పల్లెలన్నీ తిరిగి తాను విన్నది చెప్పాడు.

పేరయ్య పిలుపు మేరకు 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్లారు. చుట్టుపక్కల పల్లెల జనం ఆహారం మూట కట్టుకుని వచ్చి, చెట్ల కింద కొన్ని రోజులు ఉండి బోధ విన్నారు. అక్కడ 28 మంది బాప్తిస్మం పొందారు. ఆ ప్రాంతపు తొలి సంఘాన్ని పేరయ్యే నిలబెట్టాడని చెప్పడం న్యాయం.

తెరుచుకున్న గ్రంథం

ఇదే కాలంలో ఒంగోలులోని అగ్రవర్ణాల పెద్దలు కూడా క్లౌ వద్దకు రాసాగారు. వారి పిల్లలు మిషను బడిలో చేరారు. పెద్దలు కొందరు క్రైస్తవ బోధ పట్ల ఆసక్తి చూపారు. ముందు పలుకుబడి గలవారిని చేర్చుకుంటే మిగిలినవారు వారి వెంట వస్తారన్నది అప్పటి మిషనరీలలో చాలామంది ఆలోచన. సరిగ్గా అప్పుడే కొందరు మాదిగలు బాప్తిస్మం కోరి వచ్చారు. వీరిని చేర్చుకుంటే మేము రాలేమని అగ్రవర్ణాలవారు స్పష్టం చేశారు.

క్లౌ సంకటంలో పడ్డారు. పేదలను కాదంటే మనస్సాక్షి ఊరుకోదు, అవునంటే బడి ఖాళీ అవుతుంది. ఆ స్థితిలో ప్రార్థించి, పంచడానికి ఉంచిన బైబిళ్లలో ఒకదానిని చేతికి తీసుకోగా మొదటి కొరింథీయుల పత్రిక మొదటి అధ్యాయం తెరుచుకుంది. లోకం ఘనులని ఎంచినవారిని కాక, తృణీకరింపబడినవారిని దేవుడు ఎన్నుకున్నాడని బోధించే 26 నుండి 29 వరకు గల వచనాలు ఆయన కంట పడ్డాయి. అదే సమయంలో వేరొక గదిలో ఉన్న హారియెట్ తన బైబిలు తెరువగా ఆమెకూ అవే వచనాలు కనిపించాయి. ఇద్దరూ ఒకరితో ఒకరు చెప్పుకున్న తరువాత ఇక చర్చకు తావు లేకపోయింది.

గ్రంథం అనుకోకుండా తెరుచుకోవడాన్ని కొందరు దైవికమంటారు, కొందరు యాదృచ్ఛికమంటారు. చరిత్రకు ముఖ్యమైనది ఆ తరువాతి మాట. చదివిన వాక్యం తమకు నష్టం కలిగిస్తుందని తెలిసి కూడా ఆ దంపతులు దానికి లోబడ్డారు. పేదలను చేర్చుకున్నారు. అగ్రవర్ణాల పిల్లలు బడి మానివేశారు.

విధేయత భారం చేర్చుకున్నవారి కంటే చేరినవారి మీద ఎక్కువగా పడింది. ఆదివారం పనికి వెళ్లకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు అన్న మూడు నియమాలు క్లౌ పెట్టారు. వినడానికి ఇవి చిన్నవి. కాని పండుగకు డప్పు కొట్టడం, పిలిచినప్పుడల్లా పనికి హాజరు కావడం ఊరికట్టుబాటుగా ఉన్న రోజులవి. వాటిని నిరాకరించిన మాదిగలను పల్లె పెద్దలు వెలివేశారు. కూలి ఆగింది, నీళ్లు అందకుండా చేశారు, దెబ్బలూ తప్పలేదు. అయినా చాలామంది వెనుదిరగలేదు. చదువురాని ఆ పేదలు వాక్యాన్ని చెవులతో విని కంఠస్థం చేసి, బతుకుతో పాటించారు.

కాలువ పని

1876లో వానలు ముఖం చాటేశాయి. ఒంగోలు ప్రాంతంలో పంటలు ఎండి, పశువులు చచ్చి, జనం దారుల వెంట రాలిపోసాగారు. వారిలో మొదట బలైనది నిత్యం కూలి మీద బతికే మాదిగ, మాల కుటుంబాలే. ప్రభుత్వం కరువుపనిగా బకింగ్‌హాం కాలువ తవ్వకం చేపట్టింది. ఆ పనులలో మేస్త్రీల దౌర్జన్యం, కొలతలలో మోసం పేదలను కుంగదీస్తుండేవి. క్లౌ స్వయంగా మూడున్నర మైళ్ల కాలువ గుత్తకు తీసుకున్నారు. మినెసోటా అడవులలో నేర్చిన సర్వే విద్య ఇక్కడ అక్కరకు వచ్చింది. తన సువార్తికులనే మేస్త్రీలుగా నియమించారు. వేలమందికి పని దొరికింది. ఎవరి కూలి వారి చేతికి సరిగా అందింది. మతం ఏమిటని అడగకుండా పని కోరిన వారందరినీ చేర్చుకున్నారు.

పని మధ్య విశ్రాంతి వేళ సువార్తికులు కూలీల మధ్య కూర్చునేవారు. ప్రయాసపడి భారం మోసేవారిని క్రీస్తు తన వద్దకు రమ్మని పిలిచిన మత్తయి సువార్తలోని మాటలే వారు ఎక్కువగా చెప్పేవారు. రోజంతా తలపై మట్టితట్ట మోసినవారికి ఆ మాటలకు వేరే వ్యాఖ్యానం అవసరం లేకపోయింది.

కరువు సాగుతుండగా వందలాదిమంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. పదిహేను నెలల పాటు, కరువు సాయం నడిచినంత కాలం, ఒక్కరికీ ఇవ్వలేదు. అన్నం కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని, సంఘం అన్నం మీద కట్టబడకూడదని ఆయన పట్టుదల. సంఖ్యలు చూపి స్వదేశంలో కీర్తి పొందాలనుకునే మనిషికి ఇది సాధ్యమయ్యే పని కాదు.

1878 నడిమికి సహాయనిధి ముగిసింది. ఇక పంచడానికి ఏమీ లేదని క్లౌ ప్రకటించి, జనాన్ని ఊళ్లకు వెళ్లమన్నారు. వారు కదలలేదు. తమకు ధనం అక్కరలేదని, పనిచేసి కాయలు కాచిన చేతులే తమకు సాక్ష్యమని, వచ్చే పంట పోయి చనిపోవలసి వచ్చినా క్రైస్తవులుగా చనిపోతామని వారి సమాధానం. దీని తరువాత కాదనడానికి ఆయనకు కారణం మిగలలేదు.

ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి వద్ద, గుండ్లకమ్మ ఏటిలో 1878 జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు రోజులలో మొత్తం 3,536 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరుగా ఏటిలో నిలిచి, అలసినప్పుడు మిగిలిన ఇద్దరికి చోటిచ్చారు. జులై 3న క్లౌ స్వయంగా ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, గట్టున ఉండి ఏర్పాట్లు చూశారు. ఆ సంవత్సరంలో సంఘంలో చేరినవారు తొమ్మిది వేలు దాటారు. మూసివేయాలని తలచిన కేంద్రం మిషనులోని పెద్ద సంఘాలలో ఒకటైంది.

తరువాతి సంవత్సరాలలో పల్లె బడులు, ఒంగోలులో ఉన్నత పాఠశాల వెలిశాయి. తోళ్లపని తప్ప వేరు ఎరుగని కుటుంబాలలో ఉపాధ్యాయులు, బోధకులు తయారయ్యారు. హారియెట్ 1893లో మరణించారు. క్లౌ 1910 నవంబరులో అమెరికాలో కన్నుమూశారు.

మన బంగారు గనుల సీమకు

ధాత కరువు ముగిసిన రెండేళ్లకు, 1880లో, జాన్ టేలర్ కంపెనీ రాకతో కోలారు బంగారు గనులలో పని ఊపందుకుంది. నేటి చిత్తూరు జిల్లా, ఉత్తర ఆర్కాటు ప్రాంతాలనుండి భూమి లేని తెలుగు, తమిళ కుటుంబాలు బతుకు వెదుక్కుంటూ ఇక్కడికి చేరాయి. ఒంగోలు కాలువగట్టున తట్ట మోసినవారి వంటివారే మారికుప్పంలో, ఛాంపియన్ రీఫ్‌లో భూగర్భంలోకి దిగారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరుకు కూలికి, కొలువుకు వెళ్లవలసిన స్థితి ఎన్నో కుటుంబాలకు వచ్చింది.

అటువంటి ఇళ్లలో నిరీక్షణ సన్నగిల్లడం సహజం. క్లౌ జీవితం అటువంటి వారికి అద్భుతాలను వాగ్దానం చేయదు. ఆకలిగొన్నవానికి ముందు పని చూపాలని, ఆ సహాయానికి బదులుగా వాని విశ్వాసాన్ని అడగకూడదని మాత్రం చెబుతుంది. వాక్యం చదివినప్పుడు మనకు అనుకూలమైన భాగాన్ని ఏరుకోవడం సులభం. నష్టం తెచ్చే భాగానికి కూడా లోబడినప్పుడే ఒంగోలులో విశ్వాసం వేళ్లూనింది. పేరయ్యకు, వెలివేతకు వెరవని ఆ పల్లెల పేదలకు, సుద్దగీత దాటి వచ్చిన ఆ విద్యార్థికి ఈ విషయంలో తేడా లేదు.